బ్రెజిల్ ‘నెలోరి’ పశువుకు నెల్లూరు పేరెలా వచ్చింది? అది మన ఒంగోలు జాతేనా?

ప్రశ్న అడిగినవారు: బడిపంతులు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒంగోలుకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. గత వారం దక్షిణ అమెరికా గురించి చెబుతూ, బ్రెజిల్ జనాభా 20 కోట్ల పైచిలుకైతే అక్కడి పశువుల సంఖ్య 23 కోట్లు దాటిందనీ, వాటిలో అత్యధిక భాగం మన దేశం నుంచి వెళ్లిన మూపురపు జాతుల సంతతేననీ, అందులోనూ ‘నెలోరి’ అనే తెల్లజాతిదే పైచేయి అనీ చెప్పాను. వెంటనే ఒక అమ్మాయి లేచి, “గిత్త మన ఒంగోలుది కదా సార్, పేరు నెల్లూరుకెందుకు పోయింది?” అని అడిగింది. మద్రాసు రేవు నుంచి ఎగుమతి చేసినవాళ్లు పొరబడి ఉంటారని అప్పటికి ఏదో చెప్పి కూర్చోబెట్టాను గాని, ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు.

దానికి తోడు, ఒంగోలు ఆవు బ్రెజిల్‌లో 40 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిందన్న సందేశం మా ఊళ్లో ప్రతి ఫోనులోనూ తిరుగుతోంది. అందులో నిజమెంత? నూటయాభై ఏళ్లు అక్కడ పెరిగిన జాతిని ఇంకా మన ఒంగోలు జాతి అని పిల్లలకు చెప్పవచ్చునా? అక్కడ కోట్ల సంఖ్యలో విస్తరించిన పశువు, పుట్టిన గడ్డమీద మాత్రం ఊరికి రెండు మూడు జతలు కూడా కనిపించనంతగా ఎందుకు తగ్గిపోయింది? వీలైనంత వివరంగా చెబితే, విన్నది విన్నట్టు తరగతిలో అప్పజెప్పకుండా, ఈసారైనా తెలిసి చెప్పగలుగుతాను.

సమాధానం 1: పెన్నాతీరం

పంతులుగారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు రేవులో లేదు, జిల్లాల సరిహద్దుల్లో ఉంది. ఇప్పుడు మనం ఒంగోలును ప్రకాశం జిల్లా ముఖ్యపట్టణంగానే ఎరుగుదుము గాని, ఆ జిల్లా ఏర్పడింది 1970లో. దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ గుంటూరు జిల్లా కూడా ఇప్పుడున్న రూపంలో ఏర్పడింది 1904లోనే. అంతకుముందు, అంటే పందొమ్మిదో శతాబ్దంలో, ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఒక భాగం. ఆనాటి ఆంగ్ల అధికారులు ఆ జిల్లా పశువుల గురించి రాసినప్పుడు నెల్లూరు పశువులు అనే రాశారు. మన పశువులు తొలిసారి సముద్రం దాటింది ఆ కాలంలోనే కనుక, జాతితోపాటు ఆనాటి జిల్లా పేరు కూడా ఓడెక్కింది. ఎవరూ పొరబడలేదు, సరిహద్దులు తరువాత మారాయి, పేరు మారలేదు. పోర్చుగీసు నోట ఆ మాట ‘నెలోరి’ అయింది.

ఇక ప్రయాణం సంగతి. 1868లో ఇంగ్లండుకు వెళుతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో ఆగినప్పుడు, అందులో ఉన్న ఒక జత ఒంగోలు పశువులను అక్కడివాళ్లు కొనుక్కున్నారని బ్రెజిల్ పశుపోషకులు తమ చరిత్రలో చెప్పుకుంటారు. అయితే పద్ధతిగా పెంపకం మొదలైంది పదేళ్ల తరువాత. రియో ప్రాంతానికి చెందిన మనోయెల్ లెంగ్రూబెర్ అనే భూస్వామి 1878లో జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఈ జాతి పశువులను చూసి, ముచ్చటపడి, ఒక జతను కొని ఇంటికి పంపించాడు. అంటే మన పశువు బ్రెజిల్ చేరిన దారుల్లో ఒకటి జర్మనీ జంతుశాల గుండా పోయిందన్నమాట. ఆ తరువాత మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఉబెరాబా ప్రాంతపు పశుపోషకులు స్వయంగా మన దేశం వచ్చి కొనుక్కుని వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లు తీసుకువెళ్లినవి ఒంగోలు పశువులు మాత్రమే కావు. గుజరాతు గిర్ జాతిని, అక్కడ ‘గుజెరా’ అని పిలిచే కాంక్రేజ్ జాతిని కూడా తీసుకువెళ్లారు. అన్ని జాతులూ కలిపి, దాదాపు నూరేళ్ల కాలంలో, మన దేశం నుంచి అక్కడికి చేరినవి ఏడు వేల పశువులకు మించవని చెబుతారు. ఇన్ని కోట్లకు ఆ కొద్ది వేలే మూలం.

ఈ రాకపోకల్లో ఒక పెద్ద అనర్థం కూడా జరిగింది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్‌కు బయలుదేరిన మూపురపు పశువులను మధ్యలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దించారు. వాటితోపాటే రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి కూడా దిగి, బెల్జియం పశువులను తుడిచిపెట్టడం మొదలుపెట్టింది. దానితో దేశాలన్నీ ఉలిక్కిపడి 1921లో పారిస్‌లో సమావేశమయ్యాయి. ఆ చర్చల ఫలితంగానే 1924లో 28 దేశాలు కలిసి అంతర్జాతీయ పశువ్యాధుల సంస్థను స్థాపించుకున్నాయి. ఐక్యరాజ్యసమితి పుట్టకముందే పశువుల జబ్బుల కోసం ప్రపంచదేశాలు ఒక సంస్థ పెట్టుకున్నాయంటే, దాని వెనుక బ్రెజిల్‌కు పోతున్న మన దేశపు పశువులున్నాయన్న సంగతి పిల్లలకు తప్పక చెప్పవలసినది. బ్రెజిల్ కూడా 1921లో మన పశువుల దిగుమతిని ఆపివేసింది. మధ్యలో 1930లో ఒకసారి కొన్ని పశువులు వెళ్లాయి. చివరి పెద్ద దిగుమతి 1960ల తొలి సంవత్సరాల్లో జరిగింది. అప్పుడు వెళ్లినవాటిని నేరుగా దేశంలోకి రానివ్వకుండా, అట్లాంటిక్ సముద్రంలోని ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో విడిగా ఉంచి, జబ్బులేవీ లేవని తేలిన తరువాతనే లోపలికి అనుమతించారు.

సమాధానం 2: కరవది పక్క ఊరివాడు

పైన పెన్నాతీరంగారు చెప్పిన ఆ చివరి దిగుమతి గురించి మా ప్రాంతంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అప్పుడు వెళ్లిన ఆబోతుల పేర్లు బ్రెజిల్ వంశావళి పుస్తకాల్లో ఉన్నాయి: కర్వాది, గోదావరి, ఆకాశము, చెకురుపాడు, తాజ్‌మహల్, గోలియాస్. వీటిలో మొదటిది మా పక్కనున్న కరవది అనీ, నాలుగోది చేకూరపాడు అనీ మా వైపువారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. కరవది రైలు స్టేషను మీదుగా విజయవాడ వెళ్లే ప్రయాణికుల్లో ఎంతమందికి తెలుసో గాని, బ్రెజిల్‌లో నెలోరి పశువులు పెంచేవారిలో కర్వాది పేరు వినని మనిషి ఉండడు. మేలుజాతి నెలోరి మందల వంశవృక్షాన్ని వెనక్కు పట్టుకుపోతే, ఎక్కడో ఒకచోట ఆ ఆబోతు తగులుతుంది.

మా తాతగారు చెప్పేవారు: కొనడానికి వచ్చిన దొరలు పళ్లు, గిట్టలు, మూపురం, వృషణాలు అన్నీ చూసి, ఆబోతును అటూ ఇటూ నడిపించి, వెనక నుంచి దాని నడక చూసేవారట. మన రైతు చూసేదీ అవే గుర్తులు కనుక, భాష తెలియకపోయినా బేరానికి ఇబ్బంది రాలేదట. ఆ రోజుల్లో ఊరికొక ఆబోతును దేవుడి పేరు మీద అచ్చువేసి వదిలేవారు. దానిని ఎవరూ కట్టివేయకూడదు, కొట్టకూడదు. ఏ చేలో పడి మేసినా అడగకూడదు. దూడలన్నిటిలోకీ మంచిదానిని ఎంచి అచ్చుబోసేవారు కనుక, ఊళ్లోని ఆవులన్నిటికీ మంచి జాతి దొరికేది. మనవాళ్లు దానిని భక్తి అన్నారు. అయితే జాతిని కాపాడిన పద్ధతి కూడా అదే.

పంతులుగారు ఊరికి రెండు మూడు జతలు కూడా లేవని రాశారు. అది చాలావరకు నిజమే గాని, ఒక్క సవరణ. బండలాగుడు పోటీల కోసం గిత్తలను మేపేవారు మా వైపు ఇంకా ఉన్నారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు పెట్టి సంక్రాంతికీ తిరునాళ్లకూ పోటీలు నడుపుతారు. ఆ జతలకు ఉలవలు, గోధుమపిండి, పత్తిగింజలు పెట్టి పసిబిడ్డల్లా సాకుతారు. అయితే ఆ అభిమానమంతా గిత్తల మీదనే. ఆవును మేపేవాడు తగ్గిపోయాడు. ఆవు లేకుండా గిత్త ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు.

సమాధానం 3: విశ్రాంత పశువైద్యుడు

చరిత్ర చెప్పారు కనుక శరీరం సంగతి నేను చెబుతాను. ముప్పై రెండేళ్లు పశువైద్యశాఖలో పనిచేసినవాణ్ణి; ఈ జాతి మీద పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను.

ఒంగోలు జాతి పుట్టిన నేల గుండ్లకమ్మ, మూసి, పాలేరు వంటి చిన్న ఏరుల నడుమ ఉన్న సున్నం ఎక్కువగల నేల. అక్కడి నల్లరేగడి దుక్కికి బరువైన, ఓపికగల ఎద్దు కావాలి. వేసవి ఎండ తీవ్రం, మేత ఎక్కువ భాగం జొన్నచొప్ప. ఈ పరిస్థితులకు వందల ఏళ్లుగా అలవాటుపడిన శరీరం అది. వెంట్రుక తెల్లగా, పొట్టిగా, నున్నగా ఉండి ఎండను వెనక్కు కొడుతుంది. దాని కింది చర్మం నల్లగా ఉండి సూర్యకిరణాల వలన కలిగే హానిని అడ్డుకుంటుంది. వదులుగా వేలాడే గంగడోలు, మడతలు పడిన చర్మం వేడిని బయటికి పంపడానికి ఎక్కువ వైశాల్యాన్నిస్తాయి. చెమట గ్రంథులు ఐరోపా పశువులకంటే ఎక్కువ, పెద్దవి కూడా. శరీరం లోపల పుట్టే వేడే తక్కువ. చర్మం బిగువుగా కదిలి ఈగలను విదిలించుకుంటుంది. పిడుదులు పట్టినా ఐరోపా పశువుల మీద పెరిగినంతగా దీని మీద పెరగవు.

ఇప్పుడు ఈ శరీరాన్ని బ్రెజిల్ నడిబొడ్డున నిలబెట్టి చూడండి. ఆ దేశంలో అమెజాన్ అడవికి దక్షిణ, తూర్పు దిక్కులలో సెర్రాదో అనే విశాలమైన మైదానం ఉన్నది. సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్ల నేల. వంకర కొమ్మల పొట్టి చెట్లు, మధ్యలో గడ్డి, ఆమ్లగుణంగల ఎర్రమట్టి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తరువాత నెలల తరబడి ఎండు. పోర్చుగీసువారు తెచ్చుకున్న ఐరోపా జాతి పశువులు ఆ ఎండకు రొప్పుతూ నీడ వెతుక్కునేవి, పిడుదుల జ్వరాలకు చచ్చేవి, ఎండాకాలపు ముదురుగడ్డితో బక్కచిక్కేవి. మన ఆవుకు మాత్రం అది పరాయి చోటనిపించలేదు. పుట్టిన కాసేపటికే లేచి పాలు వెతుక్కునే దూడ, మనిషి సాయం లేకుండా బయటనే ఈనే తల్లి, ఎంత దూరమైనా నడిచి మేసే కాళ్లు, ఇవి అక్కడి వేల ఎకరాల పచ్చికబయళ్లకు సరిగ్గా కావలసిన గుణాలు. 1960లు, 70ల తరువాత ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియారియా గడ్డిని ఆ నేలల్లో విరివిగా వేశారు. ఆ గడ్డి, ఈ పశువు రెండూ కలవడంతోనే నెలోరి సంఖ్య అంతగా విరగబడింది. పశువు ఒక్కదాని గొప్పతనమే అనుకుంటే కథ సగమే చెప్పినట్టు.

అది మన జాతేనా అన్న మీ ప్రశ్నకు ఔననీ కాదనీ రెండు విధాలా చెప్పవలసి ఉంటుంది. తెల్లరంగు, మూపురం, గంగడోలు, నల్లని కనురెప్పలు, నల్లని తోకకుచ్చు అన్నీ మనవే. కాని మన రైతు ఎంచుకున్నది దుక్కికి, బావి నీళ్లు తోడే కపిల తోలడానికి, బండికి పనికివచ్చే ఎద్దును. అంటే పొడవైన కాళ్లు, నిటారైన నిలకడ, చురుకైన నడక. బ్రెజిల్ రైతు 1938 నుంచి వంశావళి పుస్తకం పెట్టి ఎంచుకున్నది మాంసం కోసం. అంటే త్వరగా బరువెక్కే దూడ, త్వరగా ఎదకు వచ్చే పెయ్య, వెనక తొడల్లో కండ. ఎనభై తొంభై ఏళ్లు ఒకే దిక్కుకు ఎంచుతూ పోతే శరీరం మారకుండా ఉండదు. కొమ్ములు లేని నెలోరి శాఖను కూడా వాళ్లు వేరుగా నిలబెట్టుకున్నారు. ఈనాటి మేలుజాతి నెలోరి ఆబోతును, మన బండలాగుడు గిత్తను పక్కపక్కన నిలబెడితే పెదతండ్రి బిడ్డల్లా ఉంటాయి, కవలల్లా ఉండవు.

సమాధానం 4: సావ్ పావ్లో ప్రవాసి

ఉద్యోగరీత్యా ఏడేళ్లు బ్రెజిల్‌లో ఉన్నాను. ఫోనుల్లో తిరిగే ఆ 40 కోట్ల సందేశం గురించి నాకు తెలిసినది చెబుతాను.

ఆ ఆవు పేరు వియాటినా-19. అది నెలోరి జాతి ఆవు. ఒంగోలు నుంచి వెళ్లినది కాదు, అక్కడ పుట్టి పెరిగినది. 2023లో జరిగిన వేలంలో దాని యాజమాన్యంలో మూడో వంతు సుమారు 70 లక్షల బ్రెజిల్ రియాలులకు అమ్ముడుపోయింది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 2 కోట్ల 10 లక్షల రియాలులు అవుతుందని గిన్నిస్ పుస్తకంలో ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా ఎక్కించారు. మన రూపాయల్లో 35 నుంచి 40 కోట్ల దాకా వస్తుంది. కాబట్టి అంకె కట్టుకథ కాదు గాని, ఒకరు 40 కోట్లు లెక్కపెట్టి ఒక ఆవును తోలుకుపోయారన్నది మాత్రం నిజం కాదు. దాని బరువు 1,101 కిలోలు. ఆ జాతి మామూలు ఆవుకు దాదాపు రెట్టింపు. ఆ ధర పాలకూ కాదు, మాంసానికీ కాదు. దాని అండాలను సేకరించి, ప్రయోగశాలలో పిండాలుగా చేసి, మామూలు ఆవుల గర్భాల్లో పెంచి అమ్ముతారు. మన ఊళ్లో ఆవు జీవితకాలంలో పది ఈతలు ఈనితే గొప్ప. అక్కడ ఒక మేలుజాతి ఆవుకు అద్దె తల్లుల ద్వారా ఏడాదిలోనే పదుల సంఖ్యలో దూడలు పుడతాయి.

ఉబెరాబా పట్టణంలో ఏటా ఏప్రిల్ చివర మొదలయ్యే మూపురపు పశువుల ప్రదర్శన ఒకసారి చూశాను. మన జాతర, వ్యవసాయ ప్రదర్శన, నగల దుకాణం మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పశువులకు షాంపూతో స్నానాలు, గిట్టలకు మెరుగులు, ప్రతిదానికీ ముద్రించిన వంశవృక్షం. నేను భారతదేశం నుంచి, అందులోనూ ఒంగోలు ఉన్న తెలుగు ప్రాంతం నుంచి వచ్చానని తెలిసి, ఒక ముసలి పశుపోషకుడు నన్ను చేయి పట్టుకుని తన ఆబోతు దగ్గరికి తీసుకువెళ్లాడు. దాని పూర్వీకుల పేర్లు చదువుతూ ‘కర్వాది’ దగ్గర ఆగి, ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. ఊరి పేరని చెబితే, ఊరిలో ఎంతమంది ఉంటారని, ఇప్పటికీ ఆ ఊరిలో అలాంటి ఆబోతులున్నాయా అని వరుసగా ప్రశ్నలు వేశాడు. ఆ చివరి ప్రశ్నకు నేను మాట దాటవేశాను.

మన పాఠకులకు మింగుడుపడని సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఈ పశువు ఉన్నదే మాంసం కోసం. ప్రపంచంలో పశుమాంసాన్ని అత్యధికంగా ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. దాని పెద్ద కొనుగోలుదారు చైనా. మనం నందీశ్వరుడి పోలిక చూసి దండం పెట్టే మూపురాన్ని అక్కడ ప్రత్యేకమైన కూరగా, గంటల తరబడి సన్నని సెగ మీద కాల్చి వడ్డిస్తారు. దానిని ‘కుపిం’ అంటారు. పోర్చుగీసులో ఆ మాటకు చెదపురుగు అనీ, చెదలపుట్ట అనీ అర్థం. సెర్రాదో మైదానంలో ఎక్కడ చూసినా మనిషి ఎత్తు చెదలపుట్టలే ఉంటాయి కనుక, తొలిసారి మూపురం చూసిన జనానికి ఆ పోలికే తట్టి ఉండాలి. ఇక అమెజాన్ అడవిని నరికిన నేలలో ఎక్కువ భాగం పచ్చికబయలుగానే మారింది. ఆ బయళ్లలో మేసేవి ముఖ్యంగా నెలోరి పశువులే. దీనికి పశువును నిందించలేము గాని, మన జాతి ప్రపంచాన్ని జయించిందని గొప్పలు చెప్పుకునేవారు ఈ సంగతిని వదిలేసి చెప్పడం న్యాయం కాదు.

సమాధానం 5: ఉలవచారు

ఇంత లాభం పొందుతున్న బ్రెజిల్ నుంచి మనం రాయల్టీ ఎందుకు అడగకూడదు? బాస్మతి పేటెంటు మీద పోరాడిన దేశం మనది. మా గ్రామాల్లో ఈ మాట చాలామంది అంటున్నారు.

సమాధానం 6: పెన్నాతీరం

ఉలవచారుగారూ, ఆ ఆశకు చట్టంలో చోటు లేదు. జీవజాతుల జన్యుసంపద మీద ఆయా దేశాలకు సార్వభౌమాధికారం ఉన్నదని ప్రపంచం ఒప్పుకున్నది 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందంతో; అది అమలులోకి వచ్చింది 1993 చివర. దానికి అనుగుణంగా మనం జీవవైవిధ్య చట్టం చేసుకున్నది 2002లో, చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ నెలకొల్పుకున్నది 2003లో. ఇప్పుడైతే విదేశీయుడెవరైనా మన పశువుల జన్యుసంపదను వాడుకోవాలంటే ఆ సంస్థ అనుమతి తీసుకోవాలి, లాభంలో వాటా ఒప్పుకోవాలి. నెలోరి పూర్వీకులు వెళ్లింది 1992 నాటి ఆ ఒప్పందానికి సుమారు ముప్పై ఏళ్ల నుంచి నూటపాతికేళ్లకు ముందు. అదీ రైతులు ఇష్టపడి, ధర పుచ్చుకుని అమ్మినవి. బాస్మతి విషయంలో గొడవ వేరే. అక్కడ ఒక కంపెనీ మన పంట గుణాలను తన ఆవిష్కరణగా పేటెంటు చేయించుకుంది. బ్రెజిల్ వాళ్లు ఈ జాతి తమదని ఎన్నడూ అనలేదు. పేరులోనే మన జిల్లాను పెట్టుకుని తిరుగుతున్నారు.

సందర్భం వచ్చింది కనుక మరొక మాట. డచ్చివారు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఇదే జాతిని ఇండోనేషియాలోని సుంబా దీవికి తీసుకుపోయారు. అక్కడ దాని పేరు ఈనాటికీ ‘సుంబా ఒంగోలే’. జావా దీవిలో స్థానిక పశువులతో కలిసి పుట్టిన సంకరజాతి పేరు ‘పెరనాకన్ ఒంగోలే’. కాబట్టి పంతులుగారు ఆ అమ్మాయికి చెప్పవచ్చు: ఒక దేశంలో జిల్లా పేరు నిలిచింది, మరొక దేశంలో ఊరి పేరే నిలిచింది.

మళ్లీ అడిగినవారు: బడిపంతులు

అందరికీ కృతజ్ఞతలు. పశువైద్యులుగారు ‘పెదతండ్రి బిడ్డలు’ అన్న మాట నాకు బాగా నచ్చింది. అయితే ఒక సందేహం మిగిలింది. కొద్ది వేల పశువులు వెళితే కోట్లు ఎలా అయ్యాయి? అన్నీ వాటి కడుపున పుట్టినవేనా? మా పిల్లలు లెక్కలు వేసి మరీ అడిగేరకం.

సమాధానం 7: విశ్రాంత పశువైద్యుడు

మంచి ప్రశ్న, నేను పైన చెప్పకుండా వదిలేసిన ముఖ్యమైన సంగతి ఇదే. వెళ్లినవాటిలో ఆబోతులే ఎక్కువగా పనిచేశాయి. అక్కడ అప్పటికే పోర్చుగీసువారు తెచ్చిన ఐరోపా రకపు నాటు ఆవులు లక్షల్లో ఉన్నాయి. వాటిని ఒంగోలు ఆబోతుతో కలిపితే పుట్టిన పెయ్యలో సగం మన రక్తం. ఆ పెయ్యను మళ్లీ ఒంగోలు ఆబోతుతోనే కలిపితే నాలుగింట మూడు వంతులు. తరువాత ఎనిమిదింట ఏడు, పదహారింట పదిహేను, ఐదో తరానికి ముప్పైరెండింట ముప్పైయొకటి. పిల్లల చేత ఈ లెక్క నల్లబల్ల మీద వేయించండి. ఐదారు తరాలకు చూపులో, గుణంలో అది ఒంగోలు పశువే అయిపోతుంది.

కాని ఒక గుర్తు మాత్రం ఎన్ని తరాలైనా చెరగదు. కణంలోని మైటోకాండ్రియా అనే భాగపు జన్యుపదార్థం తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది, తండ్రి నుంచి రాదు. బ్రెజిల్ శాస్త్రజ్ఞులు 1990ల నుంచి నెలోరి పశువుల్లో దానిని పరీక్షించినప్పుడు, చాలావాటిలో అది మూపురపు జాతిది కాక ఐరోపా జాతిదని తేలింది. అంటే పైకి ఆపాదమస్తకం ఒంగోలుగా కనిపించే ఆవుకు, తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి అంటూ వెనక్కు పోతే, పోర్చుగీసు ఓడ దిగిన మూపురం లేని ఆవు ఎదురవుతుంది. గోత్రం మనది, పుట్టింటివారు వేరు. ఈ జాతి ఎవరిదని కొట్లాడుకునేవారికి నేను చెప్పే జవాబు ఇంతే.

మీ మొదటి ప్రశ్నలో చివరిది, ఇక్కడ ఎందుకు తగ్గిందన్నది, ఎవరూ సూటిగా ముట్టుకోలేదు. దానికి ఎవరి కుట్రా అక్కరలేదు. మన రైతు ఈ పశువును మేపింది ఎద్దు కోసం. ట్రాక్టరు వచ్చి దుక్కిని, మోటారు వచ్చి కపిలను, లారీ వచ్చి బండిని తీసుకుపోయాయి. పాల కోసం మేపుదామంటే ఒంగోలు ఆవుకంటే ముర్రా గేదె ఎన్నో రెట్లు లాభం. వెన్న ఎక్కువగల పాలకే డెయిరీలో ధర. పొగాకు, తరువాత ఇతర వాణిజ్య పంటలు వచ్చి బీళ్లు పోయాయి. జొన్న తగ్గి చొప్ప పోయింది. పైగా పాల దిగుబడి పెంచాలని ప్రభుత్వాలు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరానికి ప్రోత్సాహమిచ్చిన దశకాల్లో మా శాఖవాళ్లం ఊరూరా తిరిగి వేసిన ఇంజెక్షన్లు కూడా ఈ తగ్గుదలకు తోడయ్యాయి. నేనూ వేశాను. ఆ రోజున రైతు ఇంటికి నాలుగు లీటర్ల పాలు ఎక్కువ రావడమే కనిపించింది గాని, ఇది కనిపించలేదు. బ్రెజిల్‌లో ఈ పశువుకు పని దొరికింది, ఇక్కడ ఉన్న పని పోయింది.

పిల్లలకు చూపించాలనుకుంటే మీకు దగ్గరలోనే దారి ఉంది. నాగులుప్పలపాడు మండలంలోని చదలవాడలో ఒంగోలు జాతి పశువుల క్షేత్రం ఉన్నది. గుంటూరు దగ్గర లాంలోని పశుపరిశోధన కేంద్రంలోనూ ఈ జాతి మందను పెంచుతున్నారు. ముందుగా లేఖ రాసి అనుమతి తీసుకోండి. ఉదయం ఎండెక్కకముందే వెళితే పశువులు మేతకు వదలకుండా దొరుకుతాయి. ఆబోతు మెడ, మూపురం మీద ముదురు బూడిదరంగు, ఆవుకు ఆ రంగు లేకపోవడం, తెల్లని వెంట్రుకను వేలితో తప్పిస్తే కనిపించే నల్లని చర్మం, ఈ మూడూ పిల్లల చేత దగ్గరగా గమనింపజేయండి. అయితే చర్మం చూపించడానికి సాధువైన ముసలి ఆవును ఇమ్మని అక్కడి పశుపాలకుణ్ణి అడగండి. దూడతల్లి జోలికి మాత్రం పోవద్దు.